శ్రమను కొలవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మీటరుకు ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

కిందటి పాఠాల్లో శ్రమను కొలిచే మెట్ అనే కొలమానం గురించి, డైరీ రాయడం గురించి చెప్పుకున్నాం. కదలకుండా కూర్చున్నప్పుడు ఒంట్లో అయ్యే శక్తి ఖర్చు 1 మెట్. 3 నుంచి 6 లోపు ఓ మోస్తరు శ్రమ, 6 దాటితే గట్టి శ్రమ. ఈ మాత్రం గుర్తుంటే ముందుకు వెళ్లొచ్చు. ఒకే మనిషిని నాలుగు రకాలుగా కొలిస్తే నాలుగు లెక్కలు వస్తాయి. ఎందుకొస్తాయో, వాటిలో మీ పనికి పనికొచ్చేది ఏదో తేల్చుకోవడం ఈ పాఠం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక హమాలీని తీసుకుందాం. నలభై కిలోలకు తగ్గని టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వీపున వేసుకుని లారీ దాకా మోస్తాడు, వేసేసి ఖాళీగా వెనక్కి వస్తాడు. నడుముకు అడుగులు లెక్కపెట్టే పెడోమీటర్ కడితే పోయేటప్పుడు ఎన్ని అడుగులో వచ్చేటప్పుడూ ఇంచుమించు అన్నే. టిక్కీ ఉందో లేదో దానికి తెలియదు. పోనీ ఇంకాస్త ఖరీదైన యాక్సిలరోమీటర్ కడదాం. అది ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందకూ ఒళ్లు ఎంత జోరుగా కదులుతోందో క్షణక్షణం రాసుకుంటుంది. రోజులో ఏ గంట ఎలా గడిచిందో, ఎంతసేపు కదలకుండా ఉన్నారో చెప్పడంలో దానికి తిరుగులేదు. కానీ బరువుతో ఉన్న మనిషి ఆచితూచి అడుగేస్తాడు, ఖాళీగా వచ్చేటప్పుడు చకచకా నడుస్తాడు. దాంతో మోత మోసినప్పటి కంటే ఊరికే నడిచినప్పుడే ఎక్కువ కష్టపడ్డాడని అది చూపించినా ఆశ్చర్యం లేదు. సైకిల్ తొక్కేవాళ్లదీ ఇదే గతి. కాళ్లు తిరుగుతుంటాయి, నడుము కదలదు, మీటరులో ఏమీ పడదు.

చేతి వాచీకి తప్పులు వేరే. పటమట రైతుబజార్ నుంచి రెండు చేతులా కూరగాయల సంచులతో నడిచి రండి. చేతులు ఊగవు కాబట్టి కొన్ని అడుగులు ఎగిరిపోతాయి. అదే సాయంత్రం భజనలో కూర్చుని తాళం వేస్తే కూర్చున్నచోటే అడుగులు పడొచ్చు. గతుకుల రోడ్డు మీద స్కూటర్ నడిపినా అంతే. అలాగని వాచీని తీసి పారేయమనడం లేదు. నిన్నటి మీతో ఇవాళ్టి మిమ్మల్ని పోల్చడానికి అది బాగానే పనికొస్తుంది. మీ వాచీతో పక్కింటాయన వాచీని పోల్చి పందేలు కాయడమే దండగ. రోజుకు 10,000 అడుగుల మోజు కూడా 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక పెడోమీటర్ పేరుతో మొదలైనదే. పరిశోధనలు చేసి తేల్చిన లెక్క కాదది.

మరి హమాలీ మోసిన బరువు ఎవరికి తెలుస్తుంది? గుండెకు. టిక్కీ వీపున పడగానే గుండె వేగం పెరుగుతుంది, సైకిల్ తొక్కినా పెరుగుతుంది. అడుగుల మీటరు వదిలేసినదాన్ని ఇది పట్టుకుంటుంది. చిక్కేమిటంటే గుండె వేగం పెరిగేది శ్రమకు మాత్రమే కాదు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు అదే నడక జనవరిలో కంటే ఎక్కువ గుండె వేగం చూపిస్తుంది. కాఫీ తాగినా, పరీక్షల టెన్షన్‌లో ఉన్నా అంతే. బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్రలు వేసుకునేవాళ్లలో శ్రమ చేసినా వేగం అంతగా పెరగదు. అందుకే సర్వే చేసేవాళ్లు గుండె లెక్క తీసుకునేటప్పుడు మందుల సంగతి తప్పకుండా అడగాలి. ఈ ప్రశ్న మర్చిపోయిన ప్రాజెక్టు రిపోర్టులకు లోటు లేదు.

ఇక నేరుగా మనిషినే అడగడం. శారీరక శ్రమ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో 16 ప్రశ్నలున్నాయి. పనిలో శ్రమ, రాకపోకల్లో శ్రమ, తీరిక వేళ శ్రమ విడివిడిగా అడుగుతుంది, చివరికి కూర్చునే సమయం. ఏం మోశారో, ఎందుకు నడిచారో ఏ మీటరూ చెప్పదు, ప్రశ్న చెప్పిస్తుంది. ఖర్చూ తక్కువ, వందల మందిని అడగొచ్చు. అయితే అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. "అమ్మా, మీరేమైనా వ్యాయామం చేస్తారా?" అంటే బ్రాడీపేటలో ఇంటిపనంతా ఒంటిచేత్తో లాక్కొచ్చే ఆవిడ కూడా "మాకెక్కడ కుదురుతుంది బాబూ" అంటుంది. నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం, మూడో అంతస్తుకు ఎక్కిదిగడం విడివిడిగా అడిగితే అప్పుడు లెక్క బయటపడుతుంది. పైగా ఈ ప్రశ్నావళి ఆగకుండా కనీసం 10 నిమిషాలు చేసిన పనినే అడుగుతుంది. అదే సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆ 10 నిమిషాల నిబంధన తీసేశారు, ఎంత చిన్న కదలికైనా లెక్కే అన్నారు. ముక్కలు ముక్కలుగా సాగే ఇంటిపని పాత ప్రశ్నలకు అందదన్నమాట. ఇంకోటి, "మామూలు వారంలో" అని హమాలీని అడిగితే ఏ వారం చెప్పాలి? మిర్చి సీజన్‌లో వారమా, సరుకు లేని వారమా? రెండూ అడగండి.

ఒంట్లో ఖర్చయిన మొత్తం శక్తిని బాగా పట్టేది ప్రత్యేకమైన నీళ్లు తాగించే పద్ధతి. బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులున్న నీళ్లిచ్చి, వారం రెండు వారాల పాటు మూత్రంలో అవి ఎంత వేగంగా తగ్గాయో చూస్తారు. మిగతా పద్ధతులను దీనితో సరిచూస్తారు. ఖర్చు చాలా ఎక్కువ. ఏ రోజు ఏం చేశారో మాత్రం చెప్పదు. మన చేతికి అందేది కాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

ఇప్పుడు అభ్యాసం. మొదట 100 అడుగులు నోటితో లెక్కపెడుతూ నడిచి, మీ ఫోను లేదా వాచీ ఎంత చూపిందో రాయండి. తర్వాత రెండు చేతులా సంచులు పట్టుకుని మళ్లీ 100. ఆ తర్వాత ఒకసారి బండి మీద అవతలి వీధి దాకా వెళ్లి రండి, ఎన్ని దొంగ అడుగులు పడ్డాయో చూడండి. విజయవాడ వాళ్లయితే తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. మీకు 1,900 అడుగులు పడితే అడుగు సుమారు 64 సెంటీమీటర్లు. ఆ అంకెను యాప్‌లో అడుగు పొడవు దగ్గర నింపండి. గుంటూరు వాళ్లు కొలత రాసి ఉన్న ఏ స్టేడియం ట్రాక్ మీదైనా ఇదే చేయొచ్చు. ఈ లెక్కలన్నీ నోటుబుక్కులో ఉంచండి. 4వ పాఠంలో వారం డైరీని, వాచీ లెక్కను పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుదాం.