తాబేలు గుడ్లను హేచరీకి తరలించడం ఎలా?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన కోస్తా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో 100 నుంచి 120 గుడ్లు ఉంటాయి. వాటిని తవ్వి తీసి హేచరీలో, అంటే పిల్లలయ్యేదాకా గుడ్లను కాపాడే కంచె వేసిన ఇసుక చోట్లో, పూడ్చడం చూసేవాళ్లకు తేలిక పనిలా కనిపిస్తుంది. అందుకే అంత తేలిగ్గా పాడుచేస్తున్నారు. పిల్లలు రాకపోతే ఎండదే తప్పంటారు. చాలా గూళ్లు మొదటి రాత్రే, గుడ్లు మోసిన చేతుల్లోనే చెడిపోతాయి.

ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవడమే నేరం. అనుమతి ఉన్నా, బాగున్న గూటిని కదపొద్దు. పోటు నీళ్లు అందుకునే చోట, ఒడ్డు కోతకు గురవుతున్న చోట, కుక్కలూ నక్కలూ తవ్వేసే చోట మాత్రమే తరలించాలి.

కావలసినవి: అడుగు వెడల్పుగా ఉన్న బక్కెట్, తడిపి పిండిన నూలుగుడ్డ, ఎర్ర కాగితం చుట్టిన టార్చి, కొలిచే టేపు, గడియారం, నోటు పుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, తేమకు సిరా కారిపోతుంది. చేతులకు దోమల మందు, ఎండకు రాసుకునే క్రీము ఉండకూడదు.

హేచరీ చోటు పోటు గీతకు పైన ఉండాలి, సరుగుడు తోటకు దూరంగా ఉండాలి. సరుగుడు వేళ్లు తేమ కోసం గూట్లోకి దూరి గుడ్లను చుట్టేస్తాయి. కంచె జాలిని అర మీటరు లోతు పాతాలి. గూటికీ గూటికీ మధ్య మీటరు దూరం వదలాలి. నిరుడు వాడిన ఇసుకలో మళ్లీ గుడ్లు పెట్టకూడదు; కుళ్లిన పెంకుల బూజు, పురుగులు అందులోనే ఉంటాయి.

తాబేలు కనబడితే అది గుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రంలోకి దిగేదాకా దూరంగా కూర్చోండి. గంట పడుతుంది. వెళ్లాక, వచ్చిన జాడకూ పోయిన జాడకూ మధ్య ఇసుక చెదిరిన చోట అరచేత్తో నొక్కి చూడండి. చుట్టూ గట్టిగా ఉండి ఒక్కచోట మెత్తగా దిగితే గూడు అక్కడే. ఇనుప చువ్వ గుచ్చి వెతకడం మానండి. చువ్వ మొనకు సొన అంటితేనే గూడు దొరికిందనుకునే పద్ధతి అది. పగిలిన ఒక్క గుడ్డు చుట్టుపక్కల గుడ్లన్నిటికీ చీమల్ని, బూజుని తెస్తుంది. జాడ చదవడంలో తీరప్రాంత మత్స్యకారులను మించినవాళ్లు లేరు. సీజనుకు కాపలా కూలి ఇచ్చి వాళ్లను పెట్టుకోవడమే సరైన పద్ధతి. గూళ్లు దొరుకుతాయి, గుడ్లు దొంగల పాలూ కావు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది.

పెట్టిన క్షణంలో గుడ్డులో పిండం ఎదుగుదల ఆగి ఉంటుంది. కొన్ని గంటల్లో మళ్లీ మొదలవుతుంది. అప్పుడు పిండం పైకి చేరి, దాని పొరలు పెంకు లోపలి పైభాగానికి అంటుకుంటాయి. ఒక రోజులో పెంకు మీద తెల్లటి మచ్చ కనిపించేది అందుకే. అంటుకున్నాక గుడ్డును తిప్పితే ఆ పొర తెగుతుంది, పిండం చస్తుంది. పైకి ఏ గుర్తూ ఉండదు. నెలన్నర తర్వాత గూడు తవ్వితే గానీ తెలియదు. కోడిగుడ్డును పొదిగే కోడి తిప్పుతుంది కదా అని దీన్నీ తిప్పేవాళ్లున్నారు. కోడి వేరు, తాబేలు వేరు.

కాబట్టి తాబేలు సముద్రంలోకి దిగినప్పటి నుంచి రెండు గంటల్లో గుడ్లు కొత్త గూట్లో ఉండాలి. ఆరు గంటలు దాటాయన్న అనుమానం వస్తే కదపకండి; అక్కడే జాలి కట్టి కాపలా పెట్టండి. సముద్రం మీదికొచ్చి గూడు ఎలాగూ పోయేలా ఉంటే మాత్రం, ప్రతి గుడ్డు పైభాగాన మెత్తటి పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు మోసేటప్పుడూ పూడ్చేటప్పుడూ పైకే ఉండేలా చూడండి.

సమయం మించకపోయినా ఒక్కొక్క గుడ్డునే తీయండి. రెండు వేళ్లతో, ఉన్నది ఉన్నట్టుగా, తిప్పకుండా. బక్కెట్ అడుగున ఆ గూటిలోని తడి ఇసుకే నాలుగు వేళ్ల మందాన పరవండి. గుడ్లకు అంటిన జిగురు తుడవకండి, కడగకండి. పది గుడ్లకు ఒక గవ్వ పక్కన పెట్టుకుంటూ పోతే లెక్క తప్పదు, మళ్లీ లెక్కపెట్టే అవసరమూ రాదు. గుడ్డసంచి తేలిక అంటారు. సంచిలో ప్రతి అడుగుకూ గుడ్లు దొర్లుతాయి. బక్కెట్టే వాడాలి. పైన తడిగుడ్డ కప్పి, నడిచి మోసుకెళ్లండి. బండి మీద పెట్టొద్దు. ఇసుకలో ఆ కుదుపు గుడ్లకు చేటు.

కొత్త గూడు మూరెడు లోతు ఉండాలి, అంటే 45 సెంటీమీటర్లు. మెడ జానెడు వెడల్పు, అడుగున కుండలా 30 సెంటీమీటర్ల దాకా విచ్చుకోవాలి. ముందు పైనున్న పొడి ఇసుకను వెడల్పుగా తోసేయండి. తోయకపోతే అది జారి గుంతలో పడుతుంది. తడి తగిలాక చేత్తో తవ్వండి, పార వద్దు. చాలామంది నిలువు గోడల గుంత తీస్తారు. అందులో గుడ్లు స్తంభంలా పేరుకుంటాయి. పైవి వేడికి ఎండిపోతాయి, అడుగువాటికి గాలి ఆడదు. కుండ ఆకారంలో గుడ్లన్నీ దగ్గరదగ్గరగా తేమలో ఉంటాయి, పైన మెడ నిండా ఇసుక మిగులుతుంది. పిల్లలు కలిసికట్టుగా పైకి తవ్వుకుంటూ రావడానికి అంత మందం కావాలి. గుడ్లు పేర్చాక తడి ఇసుక ముందు, పొడి ఇసుక తర్వాత వేసి అరచేత్తో మెల్లగా అదమండి. కాలితో తొక్కొద్దు, నీళ్లు పోయొద్దు. తేదీ, గుడ్లు పెట్టిన వేళ, పూడ్చిన వేళ, సంఖ్య, దొరికిన చోటు వెంటనే రాయండి. తెల్లారాక రాసే వేళలు ఊహలే, పరిశోధనకు పనికిరావు.

మార్చి దాటాక హేచరీ మీద తాటాకు నీడ కట్టండి. గూటిలో 29, 30 డిగ్రీల దగ్గర మగా ఆడా ఇంచుమించు సగం సగం పుడతాయి. అంతకన్నా వేడెక్కితే ఆడవే ఎక్కువ. 35 దాటి నిలబడితే పిండాలు బతకడం కష్టం. నీడ మనిషి తల కన్నా ఎత్తులో ఉండాలి, గాలి ఆగకూడదు.

45వ రోజుకల్లా గూటి చుట్టూ జాలి గంప బోర్లించి రాత్రంతా అరగంటకోసారి చూడండి. పిల్లలు బయటపడగానే వదలాలి. జనాన్ని పిలిచి చూపించడం కోసం తెల్లారేదాకా ఆపడం, తొట్టిలో నీళ్లు పోసి ఈదించడం రెండూ తప్పే. లోతు నీళ్లకు చేరడానికి పనికొచ్చే శక్తి అక్కడే కరిగిపోతుంది. దీపాలన్నీ ఆర్పి, పది పదిహేను మీటర్ల ఇసుక వాటినే పాకనివ్వండి. రోజూ ఒకేచోట వదిలితే చేపలు అక్కడే కాచుకుంటాయి, చోటు మార్చండి.

ఇంత చేసినా హేచరీ ఒక్కటే తాబేలును కాపాడలేదు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. గుడ్లు పెట్టే తాబేళ్లలో ఎక్కువ భాగం అంతకు ముందే ట్రాలర్ల (వల ఈడ్చే మరపడవల) వలల మధ్య నుంచి ఒడ్డుకు రావాలి. వలలో తాబేలు తప్పించుకునే పరికరాలు సరిగా వాడనందుకే మన సముద్రపు రొయ్యలను అమెరికా కొనడం ఆపింది. గస్తీలో చనిపోయిన తాబేలు కనిపిస్తే డిప్ప పొడవు కొలిచి, చోటు రాసి, మళ్లీ లెక్కలోకి రాకుండా రంగు పూయండి.

పిల్లలు వచ్చిన మూడో రోజు గూడు తవ్వండి. ఖాళీ పెంకులు, పెంకులోనే చచ్చినవి, అసలు ఎదగనివి వేర్వేరుగా లెక్కపెట్టండి. సగానికన్నా ఎక్కువ ఉన్న పెంకునే ఒక గుడ్డుగా పట్టాలి. ముక్కలన్నీ లెక్కేస్తే పెట్టిన గుడ్ల కన్నా పుట్టిన పిల్లలు ఎక్కువ తేలతాయి. ఎదగని గుడ్లు ఒకే బృందం తెచ్చిన గూళ్లలో ఎక్కువ కనిపిస్తే, ఆ బృందం మోసుకొచ్చిన వేళల్ని పుస్తకంలో మొదట చూడండి. మిగిలిన పెంకులన్నీ హేచరీ బయట లోతుగా పూడ్చి, గూడున్న గుంతలోని ఇసుకను తీసి పారబోయండి.