రోజుకో గంట చదరంగం: ఆ గంటను ఎలా వాడాలి

ఆన్‌లైన్‌లో 1000, 1400 రేటింగ్‌ల మధ్య ఆగిపోయినవాళ్ల ఓటములు తీసి చూడండి. ఎక్కువసార్లు ఓ పావు ఊరికే పోయి ఉంటుంది, లేదా రెండెత్తుల్లో పడబోయే దెబ్బ కనిపించి ఉండదు. కాబట్టి ఆఫీసో కాలేజీయో అయ్యాక దొరికే గంటలో ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) వీడియోలది చివరి స్థానం. మొదటిది పజిల్స్‌ది, అంటే ఒక స్థితి ఇచ్చి సరైన ఎత్తు కనుక్కోమనేవాటిది.

పజిల్స్‌కి 20 నిమిషాలు పెట్టండి. ఐదారు చేస్తే చాలు. పావును ముట్టుకోకముందే చివరిదాకా లెక్క కట్టి నోట్‌బుక్‌లో రాయాలి: మీ ఎత్తు, ఎదుటివాళ్ల అన్నిటికంటే గట్టి జవాబు, మళ్లీ మీ ఎత్తు. వెతికే వరుస ఎప్పుడూ మార్చకండి. ముందు చెక్‌లు, తర్వాత కొట్టే ఎత్తులు, ఆ తర్వాత బెదిరింపులు. బాగుందనిపించిన మొదటి ఎత్తు వేసేసి, వచ్చిన జవాబు చూసి రెండోది వెతుక్కునే అలవాటుంటే పజిల్ రేటింగ్ పెరుగుతూనే ఉంటుంది, ఆట మాత్రం కదలదు. బోర్డు మీద తప్పుకి ఎర్ర గుర్తు పడదు, పావు పోతుంది. ఐదు నిమిషాల్లో తేలకపోతే జవాబు చూసి, ఆ పజిల్‌ని వారం తర్వాత మళ్లీ చేయడానికి రాసిపెట్టుకోండి.

లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో పజిల్స్ ఉచితం, రోజుకి ఇన్నే అన్న లెక్కా లేదు. వారం మొదట్లో రెండు రోజులు ఒకే థీమ్ (ఒకే పావు రెండింటి మీదకి వచ్చే ఫోర్కో, వెనకున్న పావు వల్ల ముందున్నది కదల్లేని పిన్నో) తీసుకుని, మిగతా రోజులు అన్నీ కలిపి ఉన్నవి చేయండి. థీమ్ పేరే సగం జవాబు చెప్పేస్తుంది మరి. అసలు, పజిల్ అంటేనే ఇక్కడేదో ఉందని ముందే చెప్పినట్టు. ఆటలో ఆ మాట చెప్పేవాళ్లుండరు. అందుకే ఆడేటప్పుడు ప్రతి ఎత్తుకీ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఎదుటివాళ్లు ఇప్పుడు వేసిన ఎత్తు దేని మీదకి వస్తోంది?

మిగిలిన 40 నిమిషాలు ఒకరోజు ఆటకి, మర్నాడు ఆ ఆట విశ్లేషణకి. 15 నిమిషాలకి ఎత్తుకు 10 సెకన్లు కలిసే ఆట ఎంచుకోండి. 40 ఎత్తులు సాగినా ఇద్దరికీ కలిపి దాదాపు 43 నిమిషాలకు మించదు. మూడు నిమిషాల బ్లిట్జ్ సరదాకి మంచిదే, దాన్ని సాధన కింద జమ కట్టకండి.

విశ్లేషణలో మొదటి 15 నిమిషాలు ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆపేయాలి. ఆట చేజారిందని మీకనిపించిన చోటు, ఎక్కువ సమయం తిన్న ఎత్తు, ఎత్తు తోచక ఏదో ఒకటి వేసిన చోటు గుర్తుపెట్టి, అప్పుడేం అనుకున్నారో రాయండి. తర్వాత ఇంజిన్ పెట్టి పోల్చండి. ఇంజిన్ అంకెలో ఒకటంటే దాదాపు ఒక బంటు విలువ; 0.3 తేడాల గురించి తల పట్టుకోవద్దు. ఈ స్థాయిలో 1.5 దాటిన మార్పులే చూడాలి. ప్రతి తప్పు పక్కనా కారణం ఒక్క మాటలో పడాలి: చూడలేదు, లెక్క తప్పింది, ప్లాన్ లేదు, టైం లేదు. పది ఆటలయ్యాక ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే తర్వాతి నెల దేనిమీద కూర్చోవాలో తెలుస్తుంది.

ఓపెనింగ్ పని కూడా ఈ విశ్లేషణలోనే ఐదు నిమిషాల్లో అయిపోవాలి. పుస్తకాల్లో ఉన్న ఎత్తుల దారి ఎక్కడ తప్పారో చూసి, ఆ ఒక్క ఎత్తుకీ కారణం తెలుసుకోండి. ఉదాహరణకి ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో (తెల్ల బిషప్ సి4కి వచ్చేది) నల్లవైపు రెండు గుర్రాలూ బయటికొస్తే, తెల్ల గుర్రం జి5కి దూకి ఎఫ్7 మీద గురిపెడుతుంది. నల్లవైపు బంటు డి5కి వస్తుంది, తెల్ల బంటు దాన్ని కొడుతుంది. గుర్రంతో తిరిగి కొట్టాలని చేయి లాగుతుంది. కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో బంటును తీసి, నల్ల రాజును బోర్డు నడిమికి ఈడుస్తుంది. సి6లోని గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని తరమడం మేలు.

ఆదివారం ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన ఆట చివరి భాగం. తెల్ల రాజు డి5, బంటు డి4, నల్ల రాజు డి7లో పెట్టండి. వంతు నల్లదైతే తెల్లవైపు గెలుపు, తెల్లదైతే డ్రా. ఇప్పుడు బంటును డి3కి జరపండి. వంతు తెల్లదైనా డి4 వేసి వంతును అవతలికి నెట్టేయొచ్చు, గెలుపే. రాజు ముందు నడవాలి, బంటు ఆ ఒక్క ఎత్తునీ దాచుకోవాలి. ముందే తోసేసుకుని గెలిచే ఆటలు డ్రా చేసుకునేది ఇక్కడే. లీచెస్ బోర్డు ఎడిటర్‌లో ఈ స్థితి పెట్టి కంప్యూటర్‌తో రెండు వైపులా ఆడి చూడండి. ఇది పట్టుబడ్డాక ఏనుగుల ఎండ్‌గేమ్‌లో లుసెనా (గెలిచే పద్ధతి), ఫిలిడోర్ (డ్రా కాపాడుకునే పద్ధతి) అనే పేరున్న స్థితులకు వెళ్లండి.

టోర్నమెంట్లు ఆడే ఉద్దేశం ఉంటే వారానికి రెండు రోజులైనా పజిల్స్‌ని నిజమైన బోర్డు మీద పేర్చుకుని చేయండి. ఫోన్ తెరకే అలవాటుపడ్డ కంటికి చెక్క పావుల మధ్య మూల నుంచి మూలకి వచ్చే బిషప్ తేలిగ్గా తప్పిపోతుంది. పైగా అక్కడ ముట్టుకున్న పావునే ఆడాలి.