గోపాల్‌పూర్‌లో మూడు రోజుల థీసిస్ రాత: ముందే చేసుకోవాల్సినవి

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ తీరం 15 కిలోమీటర్లే. రైటింగ్ రిట్రీట్‌కు, అంటే రోజువారీ పనులకు దూరంగా కూర్చుని రాసుకోవడానికి, చక్కని చోటు. అయితే థీసిస్ మొత్తం ముగించాలని వెళ్తే ఒక్క పేజీ కదలదు. ఒక అధ్యాయంలో ఒక్క భాగమే పెట్టుకోండి. ఉపశీర్షికలు, ఒక్కోదానికి రెండేసి వాక్యాల సారం ఇంట్లోనే రాసుకోండి.

మీ పరిశోధన కోసం గజపతి జిల్లాలో సవర (అక్కడి గిరిజన భాష), ఒడియా భాషల్లో తీసుకున్న ఇంటర్వ్యూలు ఉంటే వాటి అనువాదం కూడా ముందే అయిపోవాలి. అక్కడ హడావిడిగా చేస్తే అర్థం జారిపోతుంది, దానిమీద కట్టిన వాదనా కూలుతుంది. చదవాల్సిన వ్యాసాల పీడీఎఫ్‌లన్నీ ముందే దించుకోండి.

రోజుకు 90 నిమిషాల చొప్పున మూడు విడతలు చాలు. ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఆధారం గుర్తురాకపోతే ఆగి వెతక్కండి. రెండు నక్షత్రాల గుర్తు పెట్టి సాగిపోండి, సాయంత్రం ఆ గుర్తుతో వెతికి నింపొచ్చు. పడుకునేముందు రాసినదాన్ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి, మర్నాటి మొదటి వాక్యం సగం రాసి వదిలేయండి.