హెడ్మాస్టర్ గారి తెలుగు పీరియడ్ – 3వ పాఠం: తప్పు వినడం

తెలుగు పీరియడ్‌ని పొద్దున పూటకి మార్చుకోమని, ఆ గంటలో యాప్‌లో అటెండెన్స్, గుడ్ల లెక్క, బిల్లుల పని పెట్టుకోవద్దని రెండో పాఠంలో చెప్పుకున్నాం. అది అయిందనుకుని ముందుకు వెళ్తున్నాను. కాకపోతే ముందు ఆ పని చూసుకుని రండి. గంట ఖాళీగా లేకుండా ఇప్పుడు చెప్పేది కుదరదు.

ఈసారి నేర్చుకునేది పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని వినడం, విన్నదాన్ని టీచర్ దగ్గరికి తీసుకెళ్లడం. మొదటిది పది నిమిషాల్లో వస్తుంది. రెండోదానికి కొంత ఓపిక కావాలి.

మన బళ్లలో తరగతి పరిశీలన ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. హెచ్చెమ్ (హెడ్మాస్టర్) వెనక బెంచీలో కూర్చుంటారు. టీచర్‌కి టెన్షన్. ఆ రోజు పాఠం పెళ్లిచూపుల్లా నడుస్తుంది. బోర్డు మీద తేదీ, పాఠం పేరు, రంగు చాక్‌పీస్, చార్టు అన్నీ ఉంటాయి. ప్రశ్న అడగ్గానే ముందు బెంచీలోని నలుగురే చేతులెత్తుతారు. లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టి, రిజిస్టర్లో "బోధన సంతృప్తికరం" అని రాసి బయటికి వచ్చేస్తాం. టీచర్ ఎలా చెప్పారో చూశాం. మూడో వరసలో గోడ పక్కన కూర్చున్న పిల్లకి ఒక వాక్యం చదవడం వచ్చో రాదో మాత్రం మనకి తెలియలేదు.

తెలియకపోతే ఏమవుతుందో, ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ సర్వే పదేపదే చెబుతూనే ఉంది. 2018లో గ్రామీణ భారతంలో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 27.3 శాతం. బళ్లు మూతపడ్డ తర్వాత, 2022లో అది 20.5కి పడిపోయింది. 2024కి మళ్లీ 27.1కి వచ్చింది. కోవిడ్‌లో పోయింది తిరిగొచ్చిందని సంతోషించవచ్చు గానీ, కోవిడ్‌కి ముందు కూడా చదవగలిగింది నలుగురిలో ఒకరే కదా!

ఆ సర్వే అంకెల కన్నా ఆ సర్వే చేసే పద్ధతి మనకి ఎక్కువ ఉపయోగం. వాళ్లు పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టరు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని కాగితం చేతికిస్తారు. అందులో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కాస్త పెద్ద కథ ఉంటాయి. పిల్లవాడు ఎక్కడిదాకా చదవగలిగితే అదే అతని స్థాయి. పిల్లల్ని స్థాయిల వారీగా విడదీసి చెప్పే కొన్ని కార్యక్రమాలు ఈ పద్ధతి మీదే ఆధారపడ్డాయి. మనం దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం. ఏ స్థాయి అన్నది ఒక్కటే కాకుండా, ఏ తప్పు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో కూడా విందాం.

కాగితం తయారుచేయండి

పాఠ్యపుస్తకం మాత్రం వాడకండి. అందులో పాఠాలు సగం మందికి నోటికి వచ్చేసి ఉంటాయి. బొమ్మ చూసి గడగడా చెప్పేస్తారు, మనం చదివారనుకుంటాం. అనుమానం వస్తే వాక్యం మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అని అడగండి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి అక్కడిదాకా వస్తే, వాళ్లు అప్పజెబుతున్నారని అర్థం.

మీరే నాలుగైదు వాక్యాలు రాయండి. ఊళ్లో ఉండే విషయమే రాయండి. మూడో తరగతికి ఇలాంటిది సరిపోతుంది:

రాత్రి వాన పడింది. పొద్దున్నే చెరువు నిండింది. తాతయ్య పొలానికి వెళ్తూ నన్ను తీసుకెళ్లాడు. గట్టు మీద రెండు కొంగలు నిలబడ్డాయి. నేను చప్పట్లు కొడితే ఎగిరిపోయాయి.

రెండు కాపీలు చేసుకోండి. ఒకటి పిల్లలకి, పెద్ద అక్షరాల్లో. ఇంకోటి మీకు, వరసల మధ్య చోటు వదిలి. పిల్లవాడు తప్పు చదివిన పదం మీద, అతను ఏమన్నాడో అదే రాయండి. ఇంటూ మార్కు పెట్టకండి. ఇంటూ మార్కు తప్పు ఉందని చెబుతుంది గానీ ఎలాంటి తప్పో చెప్పదు. ఆగిపోతే నిలువు గీత పెట్టండి. తనే సరిచేసుకుంటే చిన్నగా "స" అని రాయండి. చదువుతున్నంతసేపూ మీరు అందించకండి. ఇది చాలా కష్టం, మనందరికీ నోరు దురదపెడుతుంది. అయినా ఐదు సెకన్లు ఆగండి.

ఎక్కడ కూర్చోవాలంటే, ఆఫీసు గదిలో మాత్రం వద్దు. అక్కడికి పిలిస్తే ఏదో తప్పు చేశామని భయపడతారు. వరండాలోనో చెట్టు కిందో, పిల్లల పక్కన, వాళ్లంత ఎత్తులో కూర్చోండి.

నలుగురు పిల్లలు, నాలుగు రకాలు

మొదటి పాప ఇలా చదివింది: "రాతి వాన పడింది. పొదునే చెరువు నిండింది. తాతయ పొలానికి... గటు మీద..." లెక్కపెడితే తప్పులు చాలా ఉన్నాయి. నిజానికి ఉన్నది ఒకటే. అక్షరం వచ్చు, గుణింతం వచ్చు, కింద ఉన్న ఒత్తుని కన్ను దాటేస్తోంది. ఈ పిల్లని "వెనకబడింది" అని మళ్లీ అ, ఆ ల దగ్గర కూర్చోబెడితే ఏడాది వృథా. ఈమెకి కావాల్సింది ఒత్తుల పనే. అందులోనూ త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వాటికి విడిగా సమయం పెట్టాల్సిందే.

రెండో బాబు పదం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తాడు. "పొలానికి" ఉన్నచోట "పొలం" అంటాడు, "చప్పట్లు"ని "చపాతీ" చేస్తాడు. వేగంగా, ధైర్యంగా చదువుతాడు కాబట్టి తరగతిలో ఎవరూ పట్టుకోరు. ఇతనికి పదం కింద వేలు కదుపుతూ చివరిదాకా చూడటం అలవాటు చేయాలి.

మూడో పాప ఒక్క తప్పూ లేకుండా చదివింది. "చెరువు ఎందుకు నిండింది?" అంటే తల దించుకుంది. వీళ్లది వేరే కథ. నాలుగో పాఠం మొత్తం వీళ్ల కోసమే, అందుకే ఇక్కడ వదిలేస్తున్నాను.

నాలుగో బాబు చదివింది వినండి: "తాతయ్య పొలానికి పోతా నన్ను తీస్కపోయిండు." కాగితం మీద ఉన్నది "వెళ్తూ", "తీసుకెళ్లాడు". మీరేం రాస్తారు? దీన్ని తప్పుగా లెక్కపెట్టే హెచ్చెమ్‌లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. ఆ బాబు అక్షరాలు చూశాడు, అర్థం చేసుకున్నాడు, తన ఇంటి మాటలో చెప్పాడు. నలుగురిలోకీ బాగా చదివింది ఇతనే. "భలే, ఇప్పుడు కాగితంలో ఎట్లా రాసి ఉందో అట్లాగే చదువు" అనండి, చాలు. ఇంటి మాటని తప్పంటే తరగతిలో ఆ పిల్లవాడు నోరు తెరవడం మానేస్తాడు.

ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, సవర మాట్లాడే పిల్లల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాళ్లకి తెలుగే రెండో భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి, ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తెచ్చే ప్రయత్నం జరిగింది. మీ బడి అలాంటి ఊళ్లో ఉంటే, కాగితం ఇవ్వడానికి ముందు వాన, చెరువు, కొంగ అనే మాటలు పిల్లలకి తెలుసో లేదో నోటితో అడిగి చూడండి. మాటే తెలియకపోతే చదవడం రాలేదని ఎలా అంటాం?

వేగం సంగతి ఒక్క మాటలో. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం 3వ తరగతి చివరికి నిమిషానికి 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. కానీ మన పదాలు పొడుగు. "నిలబడ్డాయి" ఒక్క పదమే. కేంద్ర విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన అధ్యయనం కూడా ఒక్కో భాషకీ విడిగా ప్రమాణాలు పెట్టింది. అందుకని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పిల్లల్ని పరిగెత్తించకండి. తడబాటు ఎక్కడ వస్తోందో వినండి.

టీచర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి

ఇప్పుడు అసలు పని. మీ చేతిలో నాలుగు కాగితాలున్నాయి. వాటిని స్టాఫ్ మీటింగ్‌లో చదివారా, అంతటితో అయిపోయింది. వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే. పరిశీలన రిజిస్టర్లో ఎక్కిస్తే టీచర్ తన జాగ్రత్తలో తను పడతారు, పిల్ల సంగతి పక్కకి పోతుంది. ఆ కాగితం మీకూ టీచర్‌కీ మధ్యనే ఉండాలి.

మధ్యాహ్న భోజనం అయ్యాక, పిల్లలు చేతులు కడుక్కునే ఆ కాసేపట్లో మాట్లాడండి. ఇలా నడవొచ్చు:

"మేడమ్, ఈ కాగితం ఒకసారి చూడండి. గోడ పక్కన కూర్చునే పాప చదివింది. మీకేమనిపిస్తోంది?"

"రాతి, గటు... ఒత్తులు వదిలేసింది సార్. కానీ ఒత్తులన్నీ చెప్పేశాను. క ఒత్తు, గ ఒత్తు వరసగా అడగండి, తడుముకోకుండా చెబుతుంది."

ఇక్కడ ఆగండి. "చెప్తే ఎందుకు రావట్లేదు మరి?" అనే ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి. మేడమ్ చెప్పిన దాంట్లోనే జవాబుంది. వరసగా అయితే వస్తుంది, పదంలో కలిసి వస్తే కనబడట్లేదు.

"వరసలో వస్తోంది, పదంలో పోతోంది, అంతే కదా మేడమ్. పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎలా ఉంటుందంటారు? గడి – గడ్డి, గుడి – గుడ్డి, అలా."

"తను – తన్ను అని పెడితే పిల్లలు నవ్వుతారు సార్, గుర్తు కూడా ఉంటుంది. కానీ క్లాసులో ఇరవై ఎనిమిది మంది. ఈ ఐదారుగురితో నేను కూర్చుంటే మిగతావాళ్లు గోల."

"పొద్దున పది నిమిషాలు మిగతావాళ్లని నాకు వదిలేయండి. కథ చెబుతాను. మీరు వీళ్లతో కూర్చోండి."

ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. సలహా ఎవరైనా ఇస్తారు. మీ పది నిమిషాలు తెచ్చి టీచర్ చేతిలో పెడితే ఆ సలహాకి బరువొస్తుంది. పైగా గడి – గడ్డి మీరు చెప్పారు, తను – తన్ను ఆవిడ కలిపారు. ఇక అది ఆవిడ పాఠం, రేపు మీరు రాకపోయినా చేస్తారు.

ఒక్కసారికి ఒక్క విషయమే మాట్లాడండి. ఒత్తుల గురించి మాట్లాడే రోజున నోట్‌బుక్ దిద్దడం, చేతిరాత, ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు కలపకండి. వారం తర్వాత అదే పాప దగ్గర మళ్లీ కూర్చోండి, కాగితం మాత్రం కొత్తది. విన్నది మేడమ్‌కి ఆ రోజే చెప్పండి. ఆరు ఒత్తుల్లో రెండు చదివినా సరే, ముందు ఆ రెండూ చెప్పండి.

వయసులో, సర్వీసులో మీకన్నా పెద్దవాళ్లయితే? "గురువుగారూ, నాకొక సాయం కావాలి, ఈ బాబు చదివింది నాకు అంతు పట్టట్లేదు" అని కాగితం ఇవ్వండి. వాళ్ల అనుభవం అప్పుడు బయటికి వస్తుంది. ఇది నటన కాకూడదు. చాలాసార్లు నిజంగానే వాళ్లకి మనకన్నా బాగా తెలుస్తుంది.

ఇద్దరు టీచర్ల బడిలో మీరు ఇన్‌ఛార్జి మాత్రమే అయితే, మీకూ ఒక తరగతి ఉంటుంది. అప్పుడు మార్చుకోండి. మీ పిల్లల్ని ఆయన వింటారు, ఆయన పిల్లల్ని మీరు వింటారు. ఏకోపాధ్యాయ బడి అయితే చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి కాగితాలు పట్టుకెళ్లి, నమ్మకమున్న ఒక్కరికి చూపించండి. హైస్కూలు వాళ్లు ఆరో తరగతితో మొదలుపెట్టండి. తెలుగు పండిట్ గారికి పద్యాలు, సిలబస్ హడావిడి ఉంటుంది కాబట్టి ఆయన్ని అడిగే ముందు పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో మీరే చూసి పెట్టండి.

ఈ వారం పని

ఒక తరగతి, నలుగురు పిల్లలు. ముందు బెంచీ నుంచి ఒక్కరే, మిగతా ముగ్గురూ వెనక నుంచి. మీరు రాసిన పేరా చదివించండి, అన్నది అన్నట్టు రాసుకోండి. ఆ నలుగురిలో ఒక్కరి కాగితం ఎంచుకుని టీచర్‌తో మాట్లాడండి. మిగతా మూడూ ఫైల్లో పెట్టండి. తప్పులేకుండా చదివి, ప్రశ్న అడిగితే తల దించుకున్న పిల్ల కాగితం అందులో ఉంటే పైన పెట్టుకోండి. నాలుగో పాఠం దానితోనే మొదలవుతుంది.