బుల్లెట్ రైలు గిట్టుబాటవుతుందా? ఒక్క కిలోమీటరుకు లెక్క తీసే పద్ధతి

హైదరాబాద్–బెంగళూరు బుల్లెట్ రైలు మాట రాగానే పాలమూరులో వచ్చే మొదటి ప్రశ్న, స్టేషన్ జడ్చర్లలోనా, మహబూబ్‌నగర్‌లోనా అని. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితం మీద ఒక్క కిలోమీటరుకు లెక్క తీయండి. లక్షల కోట్లలో చూస్తే ఏదీ అంతుపట్టదు.

ముంబై–అహ్మదాబాద్ లైను 508 కిలోమీటర్లు, తొలి అంచనా సుమారు 1.08 లక్షల కోట్లు. కిలోమీటరుకు 212 కోట్లు. అందులో 81 శాతం, అంటే 172 కోట్లు, జపాన్ అప్పు: వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. కిలోమీటరు మీద ఏడాది వడ్డీ 17 లక్షలే. ఇదే సొమ్ము 7 శాతానికి తెస్తే 12 కోట్లు!

టికెట్ కిలోమీటరుకు 5 రూపాయలు, కరెంటు, జీతాలు, మరమ్మతులు పోను 3 మిగులుతాయనుకోండి. 12 కోట్ల వడ్డీకి ఏడాదికి 4 కోట్ల మంది, రోజుకు 1.1 లక్షల మంది ఆ కిలోమీటరు దాటాలి. 750 సీట్ల రైళ్లు 70 శాతం నిండితే రోజుకు 210 రైళ్లు, అంటే పొద్దున 6 నుంచి అర్ధరాత్రి దాకా రెండు వైపులా పది నిమిషాలకొకటి. ఇది వడ్డీకే, అప్పు అసలు ఇంకా మిగిలే ఉంది. జపాన్ వడ్డీకైతే రోజుకు 1,600 మంది చాలు. కానీ అసలు 35 ఏళ్లలో తీర్చాలంటే 46 వేల మంది కావాలి, పైగా అప్పు యెన్‌లలో కాబట్టి రూపాయి పడితే భారం పెరుగుతుంది. తైవాన్ బుల్లెట్ రైలు లైను 2007లో మొదలైంది. వడ్డీ, తరుగుదల దెబ్బకు చివరికి 2015లో, దాన్ని నడిపే కంపెనీతో ప్రభుత్వ ఒప్పందం గడువును 35 నుంచి 70 ఏళ్లకు పెంచాల్సి వచ్చింది.

చాలామంది లెక్క తప్పేది స్టాపుల దగ్గర. ముంబై–అహ్మదాబాద్ ప్రణాళికలో తక్కువ స్టాపులతో 2 గంటల 7 నిమిషాలు, అన్నిచోట్లా ఆగితే 2 గంటల 58 నిమిషాలు. పాలమూరులో ఎక్కి హైదరాబాద్‌లో దిగేవాళ్లు కట్టేది వంద కిలోమీటర్ల ఛార్జీయే. లైనును నిలబెట్టేది ఈ చివర నుంచి ఆ చివరకు, విమానం వదిలి వచ్చేవాళ్లు. వాళ్లకు ప్రతి స్టాపూ బరువే.

ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం కూడా రాయండి: ఆటో 20 నిమిషాలు, తనిఖీ 15, రైలు 30, దిగాక మెట్రోనో క్యాబో 40. స్టేషన్ ఊరి బయట పెడితే ఆటోకే ఇంకో ఇరవై. ఇండోనేషియాలో జకార్తా–బాండుంగ్ రైలుకు (142 కిలోమీటర్లు, 2023) ఇదే చిక్కు, స్టేషన్లు నగరాల నడిబొడ్డున లేవు.

మొరాకోలో 2018లో టాంజియర్ నుంచి కెనిత్రా దాకానే కొత్త లైను వేసి, అక్కడి నుంచి కాసాబ్లాంకాకు పాత పట్టాల మీదే రైలు నడిపారు. మనకు ఆ వెసులుబాటు లేదు. బుల్లెట్ రైలు పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1,676. ఆ రైలు కాచిగూడ దాకా పాత లైను మీద రాలేదు. నగరం లోపల భూమి, వయాడక్టు (స్తంభాల మీది వంతెన), సొరంగం అన్నీ కొత్తవే. అసలు ఖర్చు అక్కడే. బయట పొలాల్లో 17.5 మీటర్ల వెడల్పుకు కిలోమీటరుకు 4 ఎకరాల 13 గుంటలు పోతాయి.