ఇంటి దగ్గరే బండికి సైలెన్సర్ మారుస్తున్నారా? స్టడ్డు విరగకముందే ఇవి చూసుకోండి

కొత్త సైలెన్సర్ బిగించడానికి అరగంట చాలు. బండ్లు పాడయ్యేది పాతదాన్ని విప్పేటప్పుడే. నెల్లూరు, ప్రకాశం తీరంలో మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి, కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బండి అయితే మరీ జాగ్రత్త. సముద్రపు గాలిలోని ఉప్పు, రొయ్యల గుంటల గట్ల మీది బురద, వీటికి తోడు ఇంజను వేడి, ఈ మూడూ కలిసి ఇంజను పైభాగమైన హెడ్డు దగ్గరి నట్టును అది ఎక్కే మర కడ్డీకి, అంటే స్టడ్డుకు అతికించేస్తాయి. పైకి కాస్త తుప్పే కనిపిస్తుంది, లోపల మరలు ఒకటైపోయి ఉంటాయి. ఉదయగిరి, పొదిలి, కనిగిరి వైపు ఈ బాధ కొంత తక్కువే గానీ, ఏళ్ల తరబడి విప్పని నట్టు ఎక్కడైనా మొండికేస్తుంది.

డబ్బులు పెట్టే ముందు బండి పక్కన కూర్చుని, హెడ్డు నుంచి సైలెన్సర్‌కు వచ్చే బెండు పైపు వెంట చూసుకుంటూ వెళ్లండి. బెండు పైపు, సైలెన్సర్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో క్లాంపు కనిపిస్తే, ఆ క్లాంపు వెనక భాగం ఒక్కటే మార్చే స్లిప్-ఆన్ రకం తీసుకోవచ్చు. హెడ్డు జోలికి పోనక్కర్లేదు. ఇంటి దగ్గర ధైర్యంగా చేసుకోదగ్గ పని ఇదే. చాలా 100, 125, 150 సీసీ బండ్లకు రెండూ కలిపి వెల్డింగు అయి ఉంటాయి. వాటికి హెడ్డు దగ్గర విప్పక తప్పదు. మధ్యలో కోసి కొత్తది అతికిద్దామనే సలహా మాత్రం వినకండి. కోసిన పైపు మళ్లీ పాత రూపుకు రాదు. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లకు ఆ పైపులోనో సైలెన్సర్‌లోనో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. పొగలోని విషవాయువులను తగ్గించేది అదే. అది ఎక్కడుందో తెలుసుకుని, దాన్ని కదిలించాల్సిన అవసరం లేని సైలెన్సర్ మాత్రమే కొనండి.

శబ్దం సంగతి కొనేటప్పుడే తేల్చుకోవాలి. పర్యావరణ పరిరక్షణ నియమాలు 175 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు పెట్టిన పరిమితి 80 డెసిబెళ్లు. దానిలోపు 80 సీసీ దాకా 75, ఆపైన 175 సీసీ దాకా 77. ఇది తయారీ దశలో, బండి పక్కగా పోతున్నప్పుడు చేసే పరీక్ష లెక్క. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారికే 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 3 నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన ఆకృతిని మార్చడం మీద 52వ సెక్షన్ వేరే ఉంది. లోపల జాలీ గానీ, గ్లాస్ ఊలు గానీ లేని ఖాళీ గొట్టాలను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మూతిలో శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ ఉన్న రకమైతే దాన్ని పీకి పక్కన పెట్టకండి. ఆసుపత్రి వీధిలోనో, పరీక్షలప్పుడు పిల్లలు చదువుకునే సందులోనో ఆ మోత ఎంత బాధ పెడుతుందో చెప్పనక్కర్లేదు. వారంటీ ఇంకా మిగిలి ఉంటే షోరూములో ఒక మాట అడగండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి.

కొలతలు కళ్లతో అంచనా వేయకండి. వెర్నియర్‌తో బెండు పైపు బయటి వ్యాసం, కొత్త సైలెన్సర్ మూతి లోపలి వ్యాసం రెండూ కొలవండి. తోస్తే బిగుతుగా దిగాలి, వదులుగా ఆడకూడదు. 2, 3 మి.మీ. తేడా వస్తే లేతు షాపులో ఆ కొలతకు ఇనుప స్లీవు చేయించుకోండి. రేకు ముక్క చుట్టడం, ఎం-సీల్ పూయడం వారం కూడా నిలవవు. మామూలు ఎం-సీల్ ఆ వేడికి పెళుసెక్కి రాలిపోతుంది.

ముందు రోజు సాయంత్రం

బండి చల్లారాక క్లాంపు బోల్టు, సైలెన్సర్‌ను బండికి వేలాడదీసే హ్యాంగరు బోల్టు, హెడ్డు నట్లు అన్నిటినీ వైరు బ్రష్షుతో రుద్ది, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. గంట ఆగి మళ్లీ ఒకసారి, పడుకునే ముందు ఇంకొకసారి. దొరకకపోతే కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా వేయవచ్చు, పని నెమ్మదిగా చేస్తుంది. స్ప్రే అయినా కిరసనాయిలు అయినా బెండు పైపు మీద కారినది మర్నాడు గుడ్డతో శుభ్రంగా తుడవకుండా ఇంజను స్టార్టు చేయకూడదు. వేడెక్కాక అంటుకునే ప్రమాదం ఉంది.

కావలసినవి: 10, 12, 14 మి.మీ. రింగు పానాలు, టి స్పానర్, 5, 6, 8 మి.మీ. అలెన్ కీలు, రబ్బరు సుత్తి, హెడ్డుకూ పైపుకూ మధ్య లీకు రాకుండా వేసే కొత్త గ్యాస్కెట్, కొత్త క్లాంపు, మరలు అతుక్కోకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు, కళ్లద్దాలు. కళ్లద్దాలు అనవసరం అనుకోకండి. బండి కిందికి తల పెట్టి పైకి చూస్తూ నట్టు తిప్పుతుంటే రాలే తుప్పు నేరుగా కంట్లో పడుతుంది. నోరు తెరిచి ఉండే డబుల్ ఎండు పానాతో హెడ్డు నట్లు పట్టుకోవద్దు, మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది.

పొద్దున్నే, ఎండ ముదరకముందు మొదలుపెట్టండి. మే నెలలో నెల్లూరు ఎండకు మధ్యాహ్నం ఆరుబయట పెట్టిన బండి ఇనుము నడపకపోయినా చేయి పెట్టనివ్వదు. అప్పుడే తిరిగి వచ్చిన బండి అయితే కనీసం రెండు గంటలు ఆగండి. డబుల్ స్టాండు వేసి, ముందు చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి.

విప్పేటప్పుడు

నట్టును ఒక్క ఊపులో లాగడమే స్టడ్డు విరగడానికి మూలం. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి, తర్వాత విప్పే వైపు కొంచెం, మళ్లీ వెనక్కి. మధ్యలో స్ప్రే. ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే మరల మధ్య తుప్పు పొడి అయి బయటికి వస్తుంది. నట్టు కదులుతున్నప్పుడు కిర్రుమని గట్టి చప్పుడు వస్తే అది మామూలే. చప్పుడు లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు అనిపిస్తే చేయి తీసేయండి. అప్పుడు తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డు మెలి తిరుగుతోంది. ఇంకో పావు తిప్పు తిప్పితే హెడ్డులోనే విరుగుతుంది.

హెడ్డు అల్యూమినియంది, స్టడ్డు ఉక్కుది. లోపల విరిగిన ఉక్కును డ్రిల్లుతో తీయబోతే డ్రిల్లు పక్కకు జారి మెత్తని అల్యూమినియంనే తినేస్తుంది. అందుకే అది ఇంట్లో చేసే పని కాదు. చిన్న మొండెం బయటికి ఉంటే, దాని మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తీసే చేయితిరిగిన వాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అప్పుడు కూడా బ్యాటరీ వైర్లు విప్పించి, పెట్రోలు ట్యాంకు దింపించాకే వెల్డింగు చేయనివ్వండి. ఇంట్లో గ్యాసు మంటతో నట్టు వేడి చేసే ప్రయత్నం అసలే వద్దు. నట్టుతో పాటు స్టడ్డు మొత్తం ఊడి వచ్చేస్తే కంగారు పడకండి. కొత్త స్టడ్డు వేసుకుంటే సరిపోతుంది.

బీఎస్6 బండికి బెండు పైపు మీద వైరుతో ఉన్న చిన్న భాగం ఆక్సిజన్ సెన్సర్. పైపు విప్పాలంటే ముందు దాని వైరు కనెక్టరు ఊడదీయాలి, ఆ తర్వాతే సెన్సర్. వైరు మెలితిరిగేలా పానా తిప్పితే లోపల తెగుతుంది, పైకి తెలియదు. తీసిన సెన్సర్‌ను కింద పడేయకండి, మూతికి చేయి, నూనె, గ్రీజు తగలనివ్వకండి. జాయింట్లకు మామూలు సిలికాన్ గమ్ము వాడితే దాని ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది. పేస్టు తప్పనిసరి అయితే ఎగ్జాస్టు కోసం అమ్మే, వేడికి తట్టుకునే పేస్టే వాడండి.

బిగించే వరస

పాత గ్యాస్కెట్ హెడ్డు రంధ్రంలో అతుక్కుని ఉంటుంది, కొన్నిసార్లు అది లోహంలాగే కనిపించి మోసం చేస్తుంది. గోటితోనో సన్న కొక్కెంతోనో తీయండి. దాని మీదే కొత్తది వేస్తే జాయింటు సరిగా కూర్చోదు. ఒకసారి నలిగిన గ్యాస్కెట్ రెండోసారి పనికిరాదు. కొత్తది జారిపడకుండా చిటికెడు గ్రీజు రాసి రంధ్రంలో అంటించండి.

తర్వాత అన్ని నట్లూ బోల్టులూ చేతి వేళ్లతో మాత్రమే ఎక్కించండి. పైపు ఎక్కడా లాగినట్టు లేకుండా సహజంగా కూర్చున్నాక, ముందు హెడ్డు నట్లు ఒకదాని తర్వాత ఒకటి, సగం తిప్పు చొప్పున సమానంగా బిగించండి. తర్వాత మధ్య క్లాంపు. చివరికి వెనక హ్యాంగరు బోల్టు. చాలామంది సైలెన్సర్ వేలాడుతోందని హ్యాంగరు ముందు బిగిస్తారు. అప్పుడు రంధ్రాలు కలవక పైపును లాగి కలుపుతారు. ఆ లాగుడు అలాగే ఉండిపోయి, కొన్ని వందల కిలోమీటర్లకే బ్రాకెట్టు వెల్డింగు దగ్గర చీలుతుంది, లేదా గ్యాస్కెట్ ఒక పక్క వదులవుతుంది. హ్యాంగరు రంధ్రం కలవకపోతే పైపును వంచకండి, వాషర్లు, స్పేసర్లు వేసి సరిచేయండి. బిగువు లెక్క మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. 6 మి.మీ. బోల్టుకు సుమారు 10, 8 మి.మీ. నట్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉండటం మామూలు. బిగువు కొలిచే టార్కు పానా లేకపోతే పొడవు పానా మాత్రం వాడకండి, దాని పిడి పొడవే చేతి బలాన్ని పెంచి మరలు తెంపుతుంది.

ఒక్కటి చాలామంది మర్చిపోతారు. కొన్ని బండ్లలో డబుల్ స్టాండు మడిచినప్పుడు ఆనుకునే రబ్బరు బుడిపె పాత సైలెన్సర్‌కే ఉంటుంది. దాన్ని తీసేస్తే స్టాండు ఇంకా పైకి లేచి చైనుకో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్ముకో రాసుకుంటుంది. కొత్తదానికి ఆ బుడిపె లేకపోతే వేరే ఆసరా పెట్టించాకే బండి తీయండి.

వెనక సీటు మీద ఇద్దరు కూర్చుంటే షాకులు ఎంత దిగుతాయో చూసి, అప్పుడు కూడా సైలెన్సర్‌కు టైరుకు, స్వింగ్ ఆర్ముకు కనీసం 15 మి.మీ. ఖాళీ ఉండాలి. వెనక బ్రేకు పెడలు చివరి దాకా నొక్కి చూడండి. బ్రేకు పైపు, స్విచ్చు వైరు దగ్గరగా ఉంటే క్లిప్పుతో పక్కకు కట్టేయండి. క్లాంపు బోల్టు కొస కిందికి పొడుచుకు వస్తే స్పీడు బ్రేకరు మీద తగిలి పైపునే లాగేస్తుంది.

మొదటిసారి స్టార్టు చేసే ముందు సైలెన్సర్ మీది వేలిముద్రలు, నూనె మరకలు థిన్నరుతో తుడిచి ఆరనివ్వండి. లేకపోతే ఆ మచ్చలు కాలి క్రోమ్ మీద శాశ్వతంగా నిలిచిపోతాయి. షట్టరు దించిన గదిలో కాకుండా ఆరుబయటే స్టార్టు చేయండి, కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మొదట పది నిమిషాలు కాస్త పొగ రావడం మామూలు. ఇంజను ఇంకా చల్లగా ఉండగానే మందపాటి గుడ్డతో వెనక మూతి రెండు సెకన్లు సగం మూస్తే, జాయింటు దగ్గర లీకు ఉన్నచోట బుసబుసమని వినిపిస్తుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు పటపటమంటే అది కూడా గాలి లోపలికి పోతున్న లక్షణమే. ఆ గాలి సెన్సర్ దాకా చేరితే, పెట్రోలు తక్కువైందనుకుని ఇంజను ఇంకా ఎక్కువ పోయిస్తుంది. సైలెన్సర్ మార్చాక మైలేజీ పడిపోయిందంటే ముందు ఇదే చూడాలి.

పూర్తిగా చల్లారాక అన్ని బోల్టులూ ఒకసారి, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూడండి.

హీటు షీల్డు లేని సైలెన్సర్ పల్లెల్లో ప్రమాదకరం. పచ్చగడ్డి మోపు, వరిగడ్డి కట్ట, గోతాలు పక్కకు వేలాడదీసి తెచ్చుకునే బండికి అది తగిలితే రాజుకుంటుంది. చిన్నపిల్లల పిక్కలకు తగిలితే బొబ్బ లేస్తుంది. కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ పెట్టకండి. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల వానలకు కల్వర్టుల మీద నీళ్లు పొర్లుతాయి. పొట్టిగా, కిందికి ఉండే సైలెన్సర్ మూతి మునిగే లోతుంటే దిగకండి. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టకుండా తోసుకుని బయటికి తెచ్చి మెకానిక్కుకు చూపించండి. సైలెన్సర్ అడుగున సన్న రంధ్రం ఉంటే అది నీళ్లు కారిపోవడానికే. చుక్కలు పడుతున్నాయని దాన్ని వెల్డింగుతో మూయించారంటే లోపల నీరు నిలిచి అడుగు తుప్పుతో చిల్లు పడుతుంది.

విప్పిన పాత సైలెన్సర్ రెండు మూతులకూ గుడ్డ కుక్కి, బోల్టులు కవరులో కట్టి దానికే వేలాడదీసి, ఇంట్లో పొడిగా ఉన్నచోట పెట్టండి. బండి అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లేటప్పుడు అడిగేది దాన్నే.