లేజరు గదిలో నిప్పు – మూడో పాఠం: గొంతు ఆపరేషన్

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న అడిగాను. మంటకు నిప్పు, కాలే వస్తువు, ఆక్సిజన్ మూడూ కావాలి కదా, గొంతు ఆపరేషన్‌లో వీటిలో దేన్ని తేలిగ్గా తగ్గించగలం? నిప్పు పుట్టించే లేజరు అని మీకు తోచి ఉంటుంది. కానీ అది లేకుండా పని జరగదు. కాలే వస్తువు, అంటే శ్వాసకు పెట్టే ట్యూబు కూడా చాలాసార్లు తప్పదు. మిగిలింది ఆక్సిజన్. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. లేజరు వాడేటప్పుడు రోగి తట్టుకోగలిగితే 30 శాతం దాటనివ్వకూడదు. మామూలు పీవీసీ ట్యూబులో ఎక్కువ ఆక్సిజన్ పోతున్నప్పుడు కిరణం తగిలితే, ట్యూబు చివర గ్యాస్ పొయ్యిలా మండుతుంది. ఆ మంట పోయేది ఊపిరితిత్తుల వైపే.

కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఆక్సిజన్ తగ్గించి, ఆ ఖాళీని నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువుతో నింపుతారు. అదీ మంటను పెంచేదే! నింపాల్సింది గాలితో.

ఇంకో సంగతి, నాబ్ తిప్పిన క్షణంలోనే గొంతులో ఆక్సిజన్ తగ్గిపోదు. కొన్ని నిమిషాలు ఆగాలి. రోగి వదిలే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో మానిటర్‌లో చూసి, మత్తు డాక్టరు ఆ అంకె పైకి చెప్పాకే సర్జన్ లేజరు పెడల్ మీద కాలు పెట్టాలి. మొహమాటపడి నోరు మెదపకపోవడం ఈ గదిలో పనికిరాదు.

ఇక ట్యూబు. లేజరు కోసం చేసిన ట్యూబులు కిరణాన్ని తట్టుకుంటాయి, కానీ వాటి చివరనున్న కఫ్ మాత్రం పల్చని బుడగే. అందులో గాలి బదులు, మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన సెలైన్ నింపుతాం. కఫ్‌కు చిల్లు పడితే నీలిరంగు కనిపించి హెచ్చరిస్తుంది, నీరు కొంత వేడిని లాగేస్తుంది. కఫ్ మీద తడి గాజుగుడ్డ కప్పుతాం. అది ఆరితే మాత్రం రక్షణ పోయి వంటచెరుకవుతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ తడుపుతూ ఉండాలి.

ఇంత చేసినా టప్‌మని చప్పుడో, మెరుపో, పొగో వస్తే? లేజరు ఆపి, ఒకరు ట్యూబు లాగేస్తుండగానే మరొకరు గ్యాసులు కట్టేయాలి. గొంతులోని గాజుగుడ్డ, కాలే ముక్కలు తీసేసి సెలైన్ పోయాలి. సెలైన్ నింపిన సిరంజి ముందే బల్ల మీద ఉండాలి, అప్పుడు వెతికితే కుదరదు. మంట ఆరాక మాస్కుతో శ్వాస అందిస్తూ, తీసిన ట్యూబులో ముక్క ఏదైనా విరిగి లోపల మిగిలిందేమో చూడాలి. తర్వాత బ్రాంకోస్కోపీతో, అంటే గొట్టం లోపలికి పంపి, శ్వాసనాళం పరిశీలిస్తారు.

అభ్యాసం: ఇద్దరు కలిసి ఖాళీ బల్ల దగ్గర నిలబడి, ఎవరు ట్యూబు, ఎవరు గ్యాసు అని పంచుకుని ఐదుసార్లు చేసి చూడండి. తర్వాత పాత్రలు మార్చండి. వచ్చే పాఠంలో చర్మం మీద పూసే స్పిరిట్, రోగి మీద కప్పే గుడ్డల (డ్రేప్‌ల) సంగతి.